వ్యవసాయ యంత్ర ప్రమాదాలు: ‘అజాగ్రత్త’ అనే మాట వెనుక

నాట్ల కాలం మొదలైతే జిల్లా పత్రికల లోపలి పుటల్లో ఒక వార్త పదేపదే కనిపిస్తుంది. దమ్ము చేస్తుండగా ట్రాక్టరు తిరగబడి డ్రైవరు మృతి చెందాడన్నది దాని సారాంశం. నాలుగైదు వాక్యాల ఆ వార్తలో కారణానికి దక్కేవి ఒకటి రెండు మాటలే: ‘ప్రమాదవశాత్తు’, ‘అదుపుతప్పి’. మన విస్తరణ సాహిత్యం కూడా దీనికంటే ఎంతో ముందుకు పోలేదు. కరపత్రాల్లోనూ, శిక్షణ పాఠాల్లోనూ, విద్యార్థుల నివేదికల్లోనూ ప్రమాద కారణాల పట్టికలో మొదటి స్థానం ‘పనివారి అజాగ్రత్త’కు దక్కుతుంది. ఆ తరువాత ‘నైపుణ్య లోపం’, ‘అవగాహన లోపం’ వస్తాయి. యంత్రం గురించి, దానిని అద్దెకు తిప్పే పద్ధతి గురించి, దానిని సిఫారసు చేసిన మన గురించి చెప్పుకోవలసినదంతా ఆ పట్టిక అడుగున మిగిలిపోతుంది.

అజాగ్రత్త లేదని నా వాదన కాదు. పన్నెండు గంటలు ఎండలో, దుమ్ములో పనిచేసే మనిషి ఎప్పుడో ఒక క్షణం ఏమరకుండా ఉండడు. ఏమరుపాటు అన్ని చోట్లా ఉన్నదే. అది కొన్ని చోట్ల మాత్రమే చేతిని, ప్రాణాన్ని తీసుకుపోతున్నదంటే ఆ చోట్లలో ఇంకేదో ఉన్నదని అర్థం. దానిని వెదకటం శాస్త్రవేత్త పని. ‘అజాగ్రత్త’ అని రాసిన చోట ఆ వెదకులాట ఆగిపోతుంది.

దమ్ములో ట్రాక్టరు తిరగబడటాన్నే తీసుకుందాం. కోస్తాలో దమ్ము అనీ, తెలంగాణలో పలుచోట్ల కరిగెట అనీ వ్యవహరించే ఈ పనిలో వెనుక చక్రాలకు ఇనుప కేజ్‌వీల్స్ బిగించి ట్రాక్టరును బురదలో నడుపుతారు. మడిలో మెత్తని చోట, పాత బోదె పూడిన చోట, గట్టు పక్కన చక్రాలు దిగబడతాయి. ముందుకే పోవాలన్న ఆత్రంతో డ్రైవరు ఇంజను వేగం పెంచుతాడు. చక్రాలు బురదను తవ్వుకుంటూ ఇరుసు దాకా దిగుతాయి. అప్పుడు ఎవరో ఒక కర్రదుంగ తెచ్చి చక్రాలకు అడ్డంగా కడతారు. చక్రం దుంగ మీదికి ఎక్కితే బండి బయటపడుతుందని ఆశ. కాని ఇంజను శక్తి ఇరుసును తిప్పుతూనే ఉంటుంది. చక్రం తిరగలేని స్థితిలో, ఆ ఇరుసు చుట్టూ తిరగగలిగినది ఇక ఒక్కటే మిగులుతుంది. అది ట్రాక్టరు మొండెం. ముందు చక్రాలు గాలిలోకి లేస్తాయి. లేచిన క్షణం నుంచి ఇక వెనక్కు మళ్లించలేని స్థితికి చేరటానికి పట్టే కాలం సుమారు ముప్పావు సెకను; పూర్తిగా తలకిందులు కావటానికి సుమారు ఒకటిన్నర సెకను. జరుగుతున్నదేమిటో గ్రహించి, కాలు ఎత్తి క్లచ్ తొక్కటానికి మనిషికి పట్టే కాలమూ దాదాపు అంతే. అడుగున ఉన్నది బురద కాబట్టి, బరువుకు నలిగి కాకపోయినా ఊపిరాడక ప్రాణం పోవచ్చు. ఇందులో అదుపు ‘తప్పటం’ ఎక్కడున్నది? దుంగ కట్టిన తరువాత డ్రైవరు చేతిలో అదుపు లేదు.

బయటపడే మార్గం తెలియనిది కాదు. మొదటిసారి చక్రం జారినప్పుడే ఆపి, రివర్సులో వెనక్కు రావాలి. రాకపోతే చక్రాల ముందు, వెనుక బురద తవ్వాలి. అప్పటికీ కదలకపోతే మరో ట్రాక్టరు తెప్పించి పొడవైన గొలుసుతో లాగించాలి. గొలుసును డ్రాబార్‌కో, ముందు కొక్కేనికో కాక ఇరుసు కంటే ఎత్తులో, టాప్‌లింక్ దగ్గర కట్టరాదు. ఈ నాలుగు సంగతులు చెప్పటానికి పది నిమిషాలు చాలు. అయితే రెండవ ట్రాక్టరు రావటానికి గంటో రెండు గంటలో పడుతుంది. ఆ గంట ఖర్చు ఎవరిది? కాలువకు నీరు వదిలిన వారంలో ఊరంతా ఒకేసారి దమ్ముకు దిగుతుంది. నారు ముదిరిపోతున్నదని రైతు తొందరపెడతాడు. వాయిదా కట్టవలసిన యజమాని రోజుకు ఇన్ని ఎకరాలని లెక్క వేసుకుంటాడు. ఎకరాల మీద బత్తా తీసుకునే డ్రైవరుకు మాత్రం, దిగబడిన బండి పక్కన నిలబడి ఎదురుచూసిన గంటకు పైసా రాదు. దుంగ కట్టటం అతని అజ్ఞానం వల్ల జరిగే పని కాదు. ఈ ముగ్గురి తొందరలకూ అందుబాటులో ఉన్న చౌక మార్గం అదే.

తిరగబడినా మనిషి బతికే ఏర్పాటు ఒకటి ఉన్నది. సీటు వెనుక రెండు బలమైన ఉక్కు స్తంభాల చట్రం, దానితోపాటు సీటుబెల్టు. స్వీడన్ 1959లోనే కొత్త ట్రాక్టర్లకు ఈ రక్షణ చట్రాన్ని తప్పనిసరి చేసింది. తరువాతి దశాబ్దాల్లో అక్కడ బోల్తా మరణాలు బాగా తగ్గిపోయాయి. అమెరికాలో 1985 నుంచి తయారీదారులు తమంతట తామే కొత్త ట్రాక్టర్లకు అమర్చటం మొదలుపెట్టారు. మన దేశంలో భారతీయ ప్రమాణాల సంస్థ ఈ చట్రానికి ప్రమాణాన్ని రూపొందించినా, మన మడుల్లో తిరిగే ట్రాక్టర్లలో అత్యధికభాగానికి ఎండకు కట్టిన గుడ్డ పందిరి తప్ప మరేమీ లేదు. చట్రం లేని ట్రాక్టరుకు బెల్టు ఒక్కటే పెట్టటం మరింత ప్రమాదకరమన్న సంగతి కూడా రైతులకు చెప్పవలసి ఉంటుంది. మామిడి తోటల్లో కొమ్మలకు తగులుతుందనే అభ్యంతరానికి మడిచే చట్రాలు సమాధానం. దమ్ములో చట్రం ఎంత లోతు దిగుతుందో, డ్రైవరుకు ఊపిరి ఆడే చోటు మిగులుతుందో లేదో కొలవటం మన పరిశోధనకు తగిన అంశం. గట్టి నేల మీద చేసే పరీక్షలు దీనికి సరిపోవు. బాపట్ల, సంగారెడ్డి వ్యవసాయ ఇంజనీరింగ్ కళాశాలల స్నాతకోత్తర విద్యార్థులు ఇటువంటి ప్రశ్నను చేపట్టితే, మరొక రోటావేటరు ఇంధన వినియోగ పరీక్ష కంటే రైతుకు ఎక్కువ ఉపయోగం.

ఇక తిరిగే షాఫ్టు. ట్రాక్టరు పి.టి.ఓ. సాధారణ వేగం నిమిషానికి 540 చుట్లు, అంటే సెకనుకు తొమ్మిది. షాఫ్టు మందం ఎనిమిది సెంటీమీటర్లు అనుకుంటే చుట్టుకొలత సుమారు ఇరవైఐదు సెంటీమీటర్లు. అంచు చిక్కితే సెకనుకు రెండు మీటర్లకు మించిన గుడ్డను అది చుట్టుకుంటుంది. అయిదున్నర మీటర్ల చీర మొత్తం మూడు సెకన్లలోపే. కొంగు, తలకు చుట్టిన తువ్వాలు, లుంగీ అంచు, విప్పిన జడ - ఏది చిక్కినా లెక్క ఇదే. ‘వదులు దుస్తులు ధరించరాదు’ అని మనం కరపత్రంలో రాస్తాం. చీర కట్టుకుని పొలానికి వచ్చే స్త్రీకి ఆ వాక్యం ఏమి చెబుతున్నది? ఆమె దుస్తులు మార్చుకోవాలనా, పని మానుకోవాలనా? షాఫ్టుకు తొడుగు ఉండాలన్న వాక్యం యజమానికీ, తయారీదారుకూ చెప్పవలసినది. మనం దానిని వదిలి, ఏమీ మార్చలేని మనిషికి హితవు చెబుతున్నాం.

తొడుగు ఎందుకు ఉండదన్నది ఎవరైనా డ్రైవరును అడిగితే తెలుస్తుంది. కొత్త షాఫ్టుకు ప్లాస్టిక్ తొడుగు వస్తుంది. లోపలి జాయింటుకు గ్రీజు పెట్టాలంటే దానిని వెనక్కు జరపాలి. మట్టి పట్టి అది జరగదు. ఒకసారి కోసి పారవేస్తే రోజూ పావుగంట మిగులుతుంది. విరిగిన తొడుగు పల్లె దుకాణంలో విడిగా దొరకటమూ కష్టమే. గ్రీజు నిపుల్‌ను తొడుగు బయటి నుంచే అందేట్టు చేయటం ఇంజనీరింగులో పెద్ద సమస్య కాదు. అది కొనుగోలు నిబంధనల్లో లేకపోవటమే లోటు. సబ్సిడీ యంత్రాలను పరిశీలించే అధికారి యంత్రం అప్పగించిన రోజున తొడుగు ఉన్నదా లేదా అని చూస్తాడు. రెండవ సంవత్సరం ఉన్నదా అని చూసేవారు లేరు. ఆయుధపూజ నాడు ప్రతి ఊరిలో ట్రాక్టర్లు కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, నిమ్మకాయలు తొక్కిస్తారు. యంత్రాలన్నీ శుభ్రంగా, ఒకేచోట, యజమాని సమక్షంలో ఉండే రోజు ఏడాదిలో అదొక్కటే. మన ఏరువాక కేంద్రాల వారు ఆ ముందు రోజున తొడుగులు, బెల్టు కవచాలు పరిశీలించే కార్యక్రమం పెట్టుకుంటే కొబ్బరికాయ కొట్టేలోపు సగం లోపాలు సరిచేయవచ్చు.

నూర్పిడి యంత్రాల విషయంలో దేశం ఒకసారి సరైన దిశలోనే ఆలోచించింది. ఉత్తరాది రాష్ట్రాల్లో గోధుమ నూర్పిడిలో చేతులు కోల్పోయినవారి సంఖ్య పెరిగిన కాలంలో, 1983లో, ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం వచ్చింది. వ్యవసాయ, గ్రామీణ రంగాల్లో వాడే యంత్రాలను ఉద్దేశించిన ఆ చట్టం ప్రధానంగా విద్యుత్తు, ఇంజనుతో నడిచే నూర్పిడి యంత్రాల తయారీ, అమ్మకాలను నియంత్రిస్తూ, గాయపడిన కూలీకి పరిహారాన్నీ నిర్దేశించింది. పైరును లోనికి అందించే తొట్టి పొడవు కనీసం 900 మిల్లీమీటర్లు, అందులో డ్రమ్ము వైపు 450 మిల్లీమీటర్ల మేర పైకప్పు ఉండాలని భారతీయ ప్రమాణం చెబుతున్నది. ఇందులోని ఆలోచన సూటిగా ఉన్నది. చేయి ఎంత సాచినా డ్రమ్ము అందకూడదు. మనిషి జాగ్రత్తగా ఉన్నా లేకపోయినా ఆ కొలత పనిచేస్తుంది.

ఈ కొలత పొలంలో ఎందుకు నిలవదు? పెద్ద కట్ట లోనికి పోదని వెల్డింగు దుకాణంలో పైకప్పును కోయిస్తారు. తొట్టి ఎత్తు, దానిని నింపే స్త్రీ ఎత్తు సరిపడవు. ఆమె గోనె సంచుల మీదో, పొట్టు కుప్ప మీదో నిలబడి ముందుకు వంగుతుంది. కాలి కింది కుప్ప జారితే ఆమె పడేది తొట్టి వైపుకే. మొక్కజొన్న, కంది, జొన్న నూర్పిడిలో రాత్రి పని ఎక్కువ. యంత్రం మరునాడు వేరే ఊరికి పోవాలి. వెలుతురు ట్రాక్టరు వెనుక దీపం ఒక్కటే. భోపాల్‌లోని కేంద్రీయ వ్యవసాయ ఇంజనీరింగ్ సంస్థ ఆధ్వర్యంలో నడిచే అఖిల భారత సమన్వయ పరిశోధన పథకం మన దేశ స్త్రీ పురుషుల శరీర కొలతలను సేకరించింది. ఆ కొలతలను బట్టి తొట్టి ఎత్తును, నిలబడే పీటను రూపొందించటం సాధ్యమే. పీట లేని నూర్పిడి యంత్రానికి సబ్సిడీ ఇవ్వరాదని మన సిఫారసుల్లో ఎందుకు రాయకూడదు?

యంత్రం దగ్గరికి చేరకముందే ప్రాణాలు పోతున్న సంగతి వేరే చెప్పుకోవాలి. 2018 ఏప్రిల్‌లో నల్లగొండ జిల్లా వద్దిపట్ల సమీపంలో కూలీల ట్రాక్టరు ఎ.ఎం.ఆర్. ప్రాజెక్టు కాలువలో పడి 9 మంది స్త్రీలు మరణించారు. అదే ఏడాది జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ వద్ద మూసీ కాలువలో మరో ట్రాక్టరు పడి 15 మంది చనిపోయారు. 2020 మే నెలలో ప్రకాశం జిల్లా నాగులుప్పలపాడు మండలంలో మిరపకోత నుంచి తిరిగివస్తున్న కూలీల ట్రాక్టరు విద్యుత్ స్తంభాన్ని ఢీకొన్నది. ట్రాలీ సామాను మోయటానికి చేసినది. చాలావాటికి సొంత బ్రేకులు, వెనుక దీపాలు ఉండవు. కూలీలను ఎక్కించరాదన్న నియమం అందరికీ తెలుసు. అయినా ఒకే రోజు ఇరవై మంది కూలీలు కావలసిన మిరప, పత్తి సాగును మనమే ప్రోత్సహించాం. ఆ ఇరవై మంది పక్క ఊరి నుంచి ఎట్లా వస్తారన్నది మన సాగు ఖర్చుల పట్టికలో ఎక్కడా లేదు. ఎకరా ఖర్చులో కూలీల రవాణాకు ఒక పద్దు చేర్చటం చిన్న పని. ఆ పద్దు ఉంటేనే రైతు, మేస్త్రీ, బ్యాంకు అధికారి దాని గురించి మాట్లాడతారు.

‘అజాగ్రత్త’ అనే మాటకు చట్టంలోనూ విలువ ఉన్నది, అది మనం అనుకున్నట్టు కాదు. 1923 నాటి పరిహార చట్టం తన అనుబంధంలో ట్రాక్టర్లతోనో, ఇతర యాంత్రిక శక్తితోనో సాగే వ్యవసాయంలో పనిచేసే వారిని చేర్చింది. ఆ చట్టం ఇప్పుడు 2020 సామాజిక భద్రత స్మృతిలో కలిసినది. బొటనవేలి నష్టాన్ని సంపాదన శక్తిలో 30 శాతం నష్టంగా ఆ పాత చట్టం లెక్కించింది. మామూలు ఏమరుపాటు పరిహారానికి అడ్డం కాదు. మద్యం మత్తు, ఆజ్ఞను కావాలని ధిక్కరించటం, రక్షణ సాధనాన్ని తెలిసి తొలగించటం వంటివే అడ్డంకులు. అవి కూడా మరణం, శాశ్వత పూర్తి వైకల్యం సంభవించిన సందర్భాల్లో వర్తించవు. అంటే ‘తొడుగు లేదు’ అన్న వాక్యం కంటే ‘తొడుగు ఎవరు తీశారు, ఎప్పుడు తీశారు’ అన్న వాక్యం కూలీ కుటుంబానికి ఎంతో విలువైనది. గాయపడిన వారం రోజుల్లో ఆ సంగతి నమోదు కాకపోతే, యంత్రం మరో ఊరికి పోయిన తరువాత దానిని నిరూపించేవారు ఉండరు.

బీమా పథకాల వైపు చూసినా ఇదే లోటు కనిపిస్తుంది. తెలంగాణ రైతుబీమా 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారు ఏ కారణంతో మరణించినా కుటుంబానికి 5 లక్షల రూపాయలు ఇస్తుంది. భూమి లేని డ్రైవరుకు, కూలీకి అది వర్తించదు, తెగిన చేతికీ వర్తించదు. ప్రధానమంత్రి సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయల ప్రీమియంతో ఒక చేయి లేదా ఒక పాదం పూర్తిగా కోల్పోతే లక్ష రూపాయలు ఇస్తుంది. వేళ్లకు ఏమీ లేదు. నూర్పిడి, గడ్డి కత్తిరింపు యంత్రాల దగ్గర ఎక్కువగా పోయేవి వేళ్లే. హర్యానాలో వేలి నష్టానికి కూడా మార్కెటు వ్యవస్థ ద్వారా సాయం అందించే పథకం ఉన్నది. అటువంటి సాయం ఉన్న చోట ప్రతి వేలికీ ఒక దరఖాస్తు, ఒక తేదీ, ఒక యంత్రం పేరు కాగితం మీదికి వస్తాయి. మన దగ్గర తెగిన వేలికి దరఖాస్తు లేదు కాబట్టి లెక్కా లేదు. పొలంలో ట్రాక్టరు కింద పోయిన ప్రాణం జాతీయ నేర గణాంకాల నివేదికలో ఏ పద్దులో చేరుతున్నదో పరిశోధకుడు విడదీయలేడు. కర్మాగారాల, యంత్రాల ప్రమాదాలు అక్కడ ఒకే పద్దు.

ఆ లెక్కను మనమే మొదలుపెట్టవచ్చు. ప్రతి ఏటా మన విద్యార్థులు గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమంలో భాగంగా నెలల తరబడి ఊళ్లలో ఉంటారు. పటాలు గీస్తారు, పంటల క్యాలెండర్లు తయారుచేస్తారు. వాటితోపాటు, గత అయిదేళ్లలో ఆ ఊరిలో యంత్రం వల్ల గాయపడినవారిని ఇంటింటా అడిగి నమోదు చేసే ఒక పత్రాన్ని చేర్చాలి. పేర్లు అక్కరలేదు. ఏ యంత్రం, అది ఎవరిది, ఎన్నో గంట పని, పగలా రాత్రా, తొడుగు ఉన్నదా, లేకపోతే ఎప్పటి నుంచి లేదు, కూలి గంటలకా ఎకరాలకా, నిలబడిన చోటు ఏది, వైద్యానికి ఎంత ఖర్చయింది, ఎవరు భరించారు. ‘కారణం’ అనే గడి ఆ పత్రంలో ఉండరాదని నా అభిప్రాయం. గడి ఉంటే విద్యార్థి అందులో ‘అజాగ్రత్త’ అనే రాస్తాడు. మనం అట్లా నేర్పాం.

శిక్షణ సంగతి కూడా పునరాలోచించవలసి ఉన్నది. అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ వంటివి మంచి శిక్షణ ఇస్తున్నాయి. కాని సాధారణంగా శిక్షణకు వెళ్లేవాడు యజమాని, లేదా అతని కొడుకు. రాత్రి రెండు గంటలకు బండి మీద ఉండేది బత్తా డ్రైవరు. తొట్టి దగ్గర నిలబడేది కూలికి వచ్చిన స్త్రీ. ఈ ఇద్దరూ మన హాజరుపట్టీల్లో దాదాపు కనిపించరు. మూడు రోజుల శిక్షణకు రావటమంటే వారికి మూడు రోజుల కూలి పోవటం. కూలి నష్టం చెల్లించే ఏర్పాటు లేకుండా పిలిస్తే వారు రారు. అందుకు వారిని తప్పుపట్టలేం.

చివరిగా మన ఇంటి సంగతి. నేను చూసిన క్షేత్ర ప్రదర్శనల్లో తొడుగు లేని షాఫ్టు తిరుగుతుండగా దాని చుట్టూ వందమంది రైతులు మూగటం, విద్యార్థులు ట్రాక్టరు మడ్‌గార్డుల మీద కూర్చుని ఫొటోలు దిగటం అరుదు కాదు. ఆ ఫొటోలు మన వార్షిక నివేదికల్లో అచ్చవుతాయి. నేనూ కొన్ని ప్రదర్శనలు నిర్వహించాను. తొడుగు లేదని ఒక్క ప్రదర్శననూ ఆపలేదు. అతిథులు వచ్చి ఉన్నారు, షామియానా వేసి ఉన్నది, యంత్రం అద్దె గంటల లెక్కన నడుస్తున్నది. దిగబడిన ట్రాక్టరు మీద కూర్చున్న డ్రైవరుకు ఉన్న తొందర ఆ రోజు నాకూ ఉన్నది.